చిన్న రైతుకు నష్టభయం తగ్గించే ఆవిష్కరణలే ఆకలిని తగ్గిస్తాయి

మీరు అడిగినదానిలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. కొత్త విత్తనాలు, కొత్త సాంకేతికతలతో ప్రపంచంలోని ఆకలిని నిజంగా తగ్గించగలమా? చిన్న రైతులకు ఏళ్ల తరబడి చేయూతనిచ్చే బదులు వారి భూములను కలిపి పెద్ద కమతాలుగా సాగుచేస్తే పని త్వరగా కాదా? చేయూత ఇవ్వాల్సిందే అయితే అది ఏ రూపంలో ఉండాలి? వ్యవసాయ విస్తరణ పనిలో, అంటే పరిశోధనల ఫలితాలను రైతులకు చేరవేసే పనిలో, చాలాకాలం గడిపినవాడిగా నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. ఒక ఆవిష్కరణ ఆకలిని తగ్గిస్తుందా లేదా అన్నది, మంచి ఏడాదిలో అది హెక్టారుకు ఎన్ని క్వింటాళ్లు అదనంగా పండించిందన్న దానికంటే, చెడ్డ ఏడాదిలో చిన్న రైతు కుటుంబాన్ని ఎంతవరకు నిలబెట్టిందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను.

ముందుగా సమస్య ఎంత పెద్దదో చూద్దాం. ఐక్యరాజ్య సమితికి చెందిన ఐదు సంస్థలు కలిసి 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2024లో సుమారు 67.3 కోట్ల మంది, అంటే ప్రపంచ జనాభాలో 8.2 శాతం మంది, ఆకలితో బతికారు. వారిలో 30.7 కోట్ల మంది ఆఫ్రికాలోనే ఉన్నారు. ఆ ఖండంలో ప్రతి ఐదుగురిలో ఒకరికి చాలినంత తిండి లేదు. కడుపు నిండినా పోషకాలున్న ఆహారం కొనుక్కునే స్తోమత లేనివారినీ లెక్కలోకి తీసుకుంటే ఆ సంఖ్య 260 కోట్లకు చేరుతుంది. ఇంకోవైపు ప్రపంచం ఏటా పండిస్తున్న తిండిగింజలు 280 కోట్ల టన్నులకు పైమాటే. తలసరి పంచి చూస్తే ఒక్కొక్కరికి రోజుకు కిలోకు కాస్త అటూఇటూగా వస్తుంది. ఇందులో పెద్ద వాటా పశువుల దాణాకు, మరికొంత వాహన ఇంధనానికి వెళ్లిపోతుంది. కాబట్టి ప్రపంచం మొత్తం మీద గింజల కొరత వల్ల ఆకలి పుట్టడం లేదు.

1943 నాటి బెంగాల్ కరువును పరిశీలించిన అమర్త్య సేన్ 1981లో వాదించినది కూడా దాదాపు ఇదే. ఆ ఏడాది బెంగాల్‌లో ఉన్న ఆహారం అంతకుముందు కరువు లేని ఒక ఏడాదితో పోలిస్తే తక్కువేమీ కాదని, ధరలు పెరిగిన వేగంతో కూలీల, జాలరుల, చేతివృత్తులవారి సంపాదన పెరగకపోవడమే లక్షల మంది చావుకు కారణమైందని ఆయన చూపారు. ఆయన లెక్కలను విమర్శించినవారు ఉన్నారు. అయినా అసలు సూత్రాన్ని ఎవరూ పక్కన పెట్టలేకపోయారు. తిండి సంపాదించుకునే శక్తి మనిషి చేతిలో ఉందా లేదా అన్నదే ఆకలిని నిర్ణయిస్తుంది.

ఇక్కడ కొత్తగా ఈ విషయంలోకి వచ్చేవారిని ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఆకలితో ఉన్నవారిలో అధికులు పల్లెల్లోనే ఉన్నారు, వారిలో చాలామంది స్వయంగా నేల దున్నేవారే. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో మొక్కజొన్న పండించే చిన్న రైతుల్లో పెద్ద భాగం, ఏడాది మొత్తం మీద చూస్తే, అమ్మేదానికంటే కొనుక్కునేదే ఎక్కువ. అటువంటి కుటుంబానికి పొలమే తిండిగింజల గాదె, పొలమే చేతి ఖర్చుల ఆదాయం, పొలమే పిల్లల చదువుకు తెచ్చే అప్పుకు ఆధారం. ఆ పొలంలో ఒక పంట పోతే మూడూ ఒకేసారి పోతాయి. అందువల్ల చిన్న కమతం ఉత్పాదకత పెరగడం ఆకలికి రెండు వైపులా మందుగా పనిచేస్తుంది: తిండిని పెంచుతుంది, ఆ తిండి కొనే చేతికి డబ్బూ ఇస్తుంది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో రెండోదైన ఆకలి నిర్మూలన కింద, 2030 నాటికి చిన్న ఉత్పత్తిదారుల ఉత్పాదకతతో పాటు ఆదాయాన్ని కూడా రెట్టింపు చేయాలని రాసుకోవడంలోని ఉద్దేశం ఇదే. ఆ గడువులోగా లక్ష్యం నెరవేరే సూచనలు మాత్రం కనబడటం లేదు.

చిన్న రైతుల గురించి ఒక అంకె తరచుగా వినబడుతుంది: ప్రపంచ ఆహారంలో 70 లేదా 80 శాతం వారే పండిస్తున్నారని. దీన్ని నమ్మకండి. కుటుంబ సాగుకు సంబంధించిన అంకెను చిన్న సాగుకు అంటగట్టడం వల్ల పుట్టిన పొరపాటు ఇది. వందల హెక్టార్ల కమతాన్ని కూడా ఒక కుటుంబం నడపవచ్చు కదా. 2021లో వెలువడిన ఒక విస్తృతమైన లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 60.8 కోట్ల కమతాలున్నాయి. వాటిలో 84 శాతం రెండు హెక్టార్ల లోపువి. అవి సాగుభూమిలో సుమారు 12 శాతాన్ని ఆక్రమించి, ఆహారోత్పత్తిలో సుమారు 35 శాతాన్ని అందిస్తున్నాయి. చిన్న రైతుల ప్రాధాన్యాన్ని నిలబెట్టడానికి ఈ నిజమైన అంకెలే చాలు. తక్కువ నేల నుంచి ఎక్కువ పండిస్తున్నారన్న సంగతి వీటిలోనే ఉంది. ఉబ్బించిన అంకెలు వాడితే, ఎవరైనా వాటిని పట్టుకున్న రోజున అసలు వాదన కూడా చులకనైపోతుంది.

రెండో ప్రశ్నకు, అంటే పెద్ద కమతాల ప్రశ్నకు, చరిత్రలో సమాధానాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో వంటనూనెల కొరత తీర్చడానికి ఆ దేశ ప్రభుత్వం 1947లో నేటి టాంజానియాలో భారీ యంత్రాలతో లక్షల ఎకరాల్లో వేరుశనగ పండించే పథకాన్ని మొదలుపెట్టింది. వాన సరిగా పడని ప్రాంతం, ఎండితే గట్టిపడే బంకనేల, యంత్రాలను విరిచేసే పొదలు, దూరపు ఓడరేవు: ఇవన్నీ అక్కడి రైతులను అడిగితే తెలిసేవే. 1951లో సుమారు 3.6 కోట్ల పౌండ్ల నష్టంతో పథకాన్ని మూసేశారు. ఇందుకు పూర్తిగా భిన్నమైన అనుభవం చైనాది. 1978 తర్వాత అక్కడ ఉమ్మడి సాగును విడగొట్టి నేలను కుటుంబాలకు కేటాయించారు. 1978లో సుమారు 30.5 కోట్ల టన్నులున్న తిండిగింజల ఉత్పత్తి 1984 నాటికి 40 కోట్ల టన్నులు దాటింది. ఎరువుల వాడకం, ధరల పెంపు కూడా తోడ్పడ్డాయి గానీ, తన కష్టానికి ఫలితం తనకే దక్కుతుందన్న భరోసాకే ఈ పెరుగుదలలో పెద్ద పాత్ర ఉంది. వియత్నాం 1988లో ఇటువంటి మార్పే చేసి, బియ్యం దిగుమతి చేసుకునే స్థితి నుంచి మరుసటి ఏడాదికల్లా పెద్ద ఎగుమతిదారుగా మారింది.

అలాగని చిన్న కమతమే ఎప్పటికీ ఉత్తమమని నేను అనడం లేదు. దేశం ఎదిగేకొద్దీ జనం సాగు వదిలి ఇతర వృత్తుల్లోకి వెళ్తారు, కమతాలు పెద్దవవుతాయి. ఇది దాదాపు అన్ని సంపన్న దేశాల్లోనూ జరిగింది. క్రమమే ముఖ్యం. ముందు వేరే చోట పని దొరికి, ఆ తర్వాత మనుషులు నేలను వదిలితే అది అభివృద్ధి. పని దొరకకముందే వారిని నేల నుంచి తప్పిస్తే ఆకలి పల్లె నుంచి పట్టణపు మురికివాడకు చేరుతుంది, అంతే.

ఇక ఆవిష్కరణల విషయానికి వద్దాం. హరిత విప్లవం గురించి అందరికీ తెలిసిందే. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ రూపొందించిన పొట్టి గోధుమలు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్‌8 వరి, ఎరువు వేసినా పడిపోని కురచ కాండంతో దిగుబడులను ఎంతో పెంచాయి. బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ విత్తనాలు లేకుంటే కోట్ల మంది ఆకలిపాలయ్యేవారన్న మాటలో అతిశయోక్తి లేదు. అయితే వాటి పూర్తి శక్తి బయటపడాలంటే నీరు, ఎరువు, అప్పు, ధరకు హామీ, ఈ నాలుగూ ఉండాలి. అవి ఉన్నచోట విప్లవం వచ్చింది. వానమీదే ఆధారపడే మెట్టప్రాంతాలకు, ముంపు నేలలకు, ఉప్పు నేలలకు అది చాలావరకు చేరలేదు. ఈనాటి ఆకలి ఎక్కువగా ఆ చేరని చోట్లలోనే మిగిలి ఉంది.

అక్కడి రైతు అధిక దిగుబడి విత్తనాన్ని వద్దంటే అధికారులు దాన్ని అజ్ఞానమని రాసుకుంటారు. నేను అలా చూడను. ఐదేళ్లలో నాలుగేళ్లు లాభమిచ్చి, ఐదో ఏడు ఎరువు అప్పుతో సహా ముంచే పద్ధతి, పొదుపు ఉన్నవాడికి మంచి పెట్టుబడి. పొదుపు లేనివాడికి ఆ ఐదో ఏడే ఎద్దును అమ్ముకునే ఏడు, బిడ్డను బడి మాన్పించే ఏడు. అందుకే అతడు తక్కువ ఎరువు వేస్తాడు, తక్కువ దిగుబడినిచ్చినా మొండిగా నిలబడే పాత రకాన్నే విత్తుతాడు, తెలిసి తెలిసి తక్కువ పండిస్తాడు. అతని పరిస్థితిలో అది సరైన లెక్కే. ఆ లెక్కలోని అంకెలు మారితే నిర్ణయమూ మారుతుంది.

దీనికి నాకు తెలిసిన ఉదాహరణల్లో అన్నిటికంటే స్పష్టమైనది ముంపును తట్టుకునే వరి. మామూలు వరి నీట మునిగితే గాలి అందుకోవడానికి కాడను సాగదీస్తుంది. ఆ ప్రయత్నంలో ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుచేసుకుని, నీరు తీసేసరికి వాలిపోయి చస్తుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్‌13ఏ అనే పాత రకంలో ఇందుకు భిన్నమైన గుణం ఉంది. మునిగినప్పుడు అది పెరుగుదలను ఆపుకుని, ఓపికపట్టి, నీరు తగ్గాక మళ్లీ చిగురిస్తుంది. ఆ గుణానికి మూలమైన సబ్‌1 జన్యుభాగాన్ని శాస్త్రవేత్తలు గుర్తించి, అప్పటికే రైతులకు ఇష్టమైన స్వర్ణ వంటి రకాల్లోకి మామూలు సంకరణంతోనే చేర్చారు. అలా తయారైన స్వర్ణ సబ్‌1 రెండు వారాల వరకు ముంపును తట్టుకుంటుంది. ముంపు లేని ఏడాదిలో స్వర్ణకూ దానికీ దిగుబడిలోనూ, గింజ నాణ్యతలోనూ తేడా ఉండదు. 2009లో దీన్ని భారతదేశంలో విడుదల చేశారు.

ఆ తర్వాత ఒడిశాలోని కొన్ని గ్రామాలను చీటీ పద్ధతిన ఎంపిక చేసి ఈ విత్తనాన్ని ఇచ్చి, ఇవ్వని గ్రామాలతో పోల్చి చూసిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. ముంపు వచ్చినప్పుడు పంట దక్కడం అందరూ ఊహించిందే. అసలు విశేషం వేరే ఉంది. ఈ విత్తనం చేతికొచ్చిన రైతులు ఎక్కువ విస్తీర్ణంలో సాగుచేశారు, ఎక్కువ ఎరువు వేశారు, వెదజల్లే బదులు ఎక్కువ కూలీ పట్టే నాట్లకు మొగ్గారు, పంట రుణాన్ని మునుపటికంటే ఎక్కువగా వాడుకున్నారు. అలా చేయమని వారికి ఎవరూ బోధించలేదు. పెట్టిన డబ్బు నీటిపాలు కాదన్న నమ్మకం కుదిరేసరికి వారే పెట్టారు. ఉత్తర ఘనాలో జరిగిన, 2014లో వెలువడిన మరో ప్రయోగంలో కొందరు రైతులకు నగదు ఇచ్చారు, కొందరికి వాన లోటుకు బీమా ఇచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. నగదు మాత్రమే అందుకున్నవారు సాగులో పెట్టింది కొంచెమే. బీమా ఉన్నవారు చెప్పుకోదగినంత ఎక్కువ పెట్టారు. డబ్బు లేకపోవడం కంటే నష్టభయమే వారిని ఎక్కువగా ఆపుతోందని దీనర్థం.

మరి అందరికీ బీమా చేయిస్తే సరిపోదా అంటే, అంత సులభం కాదు. వానకొలతల ఆధారంగా చెల్లించే బీమాలో పెద్ద లోపం ఒకటుంది. కొలిచే కేంద్రం దగ్గర వాన పడి, మైళ్ల దూరంలోని పొలంలో పడకపోతే రైతుకు పంటా ఉండదు, పరిహారమూ ఉండదు, పైగా కట్టిన ప్రీమియం పోతుంది. ఒక్కసారి అలా జరిగితే ఊరంతా బీమాకు దూరమవుతుంది. పూర్తి ధరకు ఇటువంటి బీమాను కొనే చిన్న రైతులు ఎక్కడైనా తక్కువే. ప్రభుత్వం ప్రీమియంలో పెద్ద భాగం భరించాలి, చెల్లింపు త్వరగా జరగాలి. విత్తనంలోనే బీమా ఇమిడి ఉండటం ఇందుకే మేలు. దానికి దరఖాస్తు అవసరం లేదు.

రైతు ఏ ఖర్చూ పెట్టకుండా, ఏ నిర్ణయమూ తీసుకోకుండా మేలు పొందిన సందర్భం కూడా ఉంది. 1970ల తొలినాళ్లలో దక్షిణ అమెరికా నుంచి పొరపాటున ఆఫ్రికా చేరిన పిండినల్లి, కోట్ల మందికి ప్రధాన ఆహారమైన కర్రపెండలం పంటను దేశం తర్వాత దేశంలో నాశనం చేస్తూపోయింది. నైజీరియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో పనిచేస్తున్న హాన్స్ హెరెన్ బృందం, ఆ పురుగుకు సహజ శత్రువైన ఒక చిన్న కందిరీగ దాని పుట్టినింట, పరాగ్వేలో, ఉందని తెలుసుకుని, తెప్పించి, పెద్ద ఎత్తున పెంచి, కర్రపెండలం పండే ప్రాంతమంతటా వదిలింది. కొన్నిచోట్ల విమానాల నుంచి కూడా వదిలారు. మందు కొట్టే పని లేకుండానే పిండినల్లి అదుపులోకి వచ్చింది. హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ఇటువంటి పనిలో అమ్ముకునే సరుకు ఏదీ ఉండదు కాబట్టి ఏ కంపెనీ దీన్ని చేపట్టదు; ప్రజాధనంతో నడిచే పరిశోధన ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

అందరూ ఆవిష్కరణలుగా గుర్తించనివి ఇంకొన్ని ఉన్నాయి. నైజర్‌లో రైతులు పొలాల్లో నేలలో మిగిలిపోయిన పాత చెట్ల మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లను నరికేయకుండా, ఎంపిక చేసి కాపాడుకోవడం ద్వారా సుమారు 50 లక్షల హెక్టార్లను మళ్లీ చెట్లతో నింపారు. ఇసుకగాలి తగ్గింది, వంటచెరకు దొరికింది, పశువులకు మేత దొరికింది. మొక్కలు నాటే భారీ పథకాలు ఎన్నో విఫలమైన దేశంలో ఇది సాధ్యం కావడానికి సాంకేతికతతో పాటు ఇంకో కారణం ఉంది. అంతకుముందు పొలంలోని చెట్టు మీద హక్కు ప్రభుత్వానిదిగా ఉండేది. 1980ల నుంచి ఆ పట్టు సడలి, చెట్టు రైతుదేనన్న భావన వచ్చింది. బుర్కినా ఫాసోకు చెందిన యాకూబా సావడోగో అనే రైతు, ఎండాకాలంలోనే చిన్న గుంతలు తవ్వి, వాటిలో పెంట వేసి, తొలి వాననీటిని అక్కడే పట్టి ఉంచే పాత పద్ధతికి మెరుగులు దిద్ది గట్టిపడిన బీడునేలను సాగులోకి తెచ్చారు. ఈ దేశాలున్న సహేల్ ప్రాంతంలోనే, అంటే సహారా ఎడారికి దక్షిణపు అంచునే, సీసా మూతతో కొలిచి మొక్క మొదట్లో కొద్దిపాటి ఎరువు వేసే పద్ధతిని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వ్యాప్తిలోకి తెచ్చారు. బస్తా కొనలేని రైతు కూడా మూతల లెక్కన కొనగలడు. పంట పోయినా పోయేది కొద్ది డబ్బే. అయితే ఈ రెండు పద్ధతులకూ చాకిరీ చాలా ఎక్కువ. ఇంట్లో పనిచేసే చేతులు తక్కువగా ఉన్న కుటుంబం వీటిని చేపట్టలేకపోతుంది. ఖర్చు లేని పద్ధతి అని ఎవరైనా చెప్పినప్పుడు ఆ పని ఎవరు చేస్తారని అడగాలి. తరచుగా దానికి జవాబు ఆ ఇంటి ఆడవాళ్లు అనే వస్తుంది.

చేయూత ఏ రూపంలో ఉండాలన్నదానికి వస్తే, ఎంత ఇచ్చారన్నదానితో సమానంగా ఎప్పుడు ఇచ్చారన్నది కూడా ముఖ్యం. పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న రైతుల మధ్య జరిగిన ఒక ప్రయోగం దీన్ని చక్కగా చూపింది. ఎరువు లాభమిస్తుందని రైతులకు తెలుసు. వచ్చే పంటకు కొంటామనే చెబుతారు. తీరా విత్తే వేళకు చేతిలో డబ్బుండదు. కోత కోసి అమ్మిన వెంటనే, డబ్బు ఇంకా చేతిలో ఉండగా, వచ్చే పంటకు కావలసిన ఎరువును ఇప్పుడే కొంటే ఇంటికి ఉచితంగా చేరుస్తామని వారికి చెప్పారు. ఈ చిన్న ఏర్పాటుతో ఎరువు వాడేవారి సంఖ్య గణనీయంగా పెరిగింది. విత్తే వేళకు ధరను సగం చేసి ఇచ్చినంత ఫలితం దాదాపుగా కనిపించింది.

కోత కాలంలోనే ఇంకో దెబ్బ కూడా ఉంది. అందరి పంట ఒకేసారి మార్కెట్టుకు వస్తుంది కాబట్టి ధర పడిపోతుంది. అప్పులు తీర్చడానికి, ఫీజులు కట్టడానికి చిన్న రైతు ఆ ధరకే అమ్ముకుంటాడు. ఆరేడు నెలలు గడిచి గాదెలు అడుగంటాక, తాను అమ్మిన గింజలనే పెరిగిన ధరకు కొనుక్కుంటాడు. మొదట అమ్మినదానికీ తర్వాత కొన్నదానికీ మధ్య ఉన్న తేడాలోనే ఆ కుటుంబపు ఆకలి ఉంది. కెన్యాలో కోత సమయానికి రైతులకు చిన్న అప్పు ఇచ్చి, పంటను ఇంట్లోనే నిల్వ ఉంచుకునే వీలు కల్పిస్తే వారి ఆదాయం పెరిగిందని 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఒకే ప్రాంతంలో చాలామంది ఇలా నిల్వ చేసినప్పుడు కోత నాటి ధర అంతగా పడలేదు, తర్వాతి ధర అంతగా పెరగలేదు. అంటే అప్పు తీసుకోని పొరుగువారికి కూడా కొంత మేలు జరిగింది.

నిల్వ చేయాలంటే పురుగు పట్టకూడదు. ఇందుకు వచ్చిన పరిష్కారం చాలా సాదాసీదాది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1980ల చివరలో కామెరూన్‌లో అలసందల నిల్వ కోసం మొదలుపెట్టిన పరిశోధన నుంచి మూడు పొరల సంచి పుట్టింది: లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, బయట నేత సంచి. గట్టిగా మూతి కడితే లోపలి పుచ్చుపురుగులు ఉన్న ప్రాణవాయువును వాడేసుకుని, తినడం మానేసి చనిపోతాయి. పురుగుమందు అవసరం లేదు. మనుషులు తినే గింజల్లో మందు కలిపే ప్రమాదకరమైన అలవాటు కూడా దీనితో తగ్గుతుంది. కోత తర్వాత, చిల్లర దుకాణానికి చేరేలోపు, ప్రపంచ ఆహారంలో సుమారు 14 శాతం పాడైపోతోందని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో అంచనా వేసింది. పండించినదాన్ని దక్కించుకోవడం, కొత్తగా పండించడం కంటే చాలాచోట్ల చౌక.

సబ్సిడీల గురించి నాకు మిశ్రమాభిప్రాయం ఉంది. 2005 నాటి తీవ్రమైన కరువు తర్వాత మలావీ ప్రభుత్వం చిన్న రైతులకు కూపన్ల మీద ఎరువు, మొక్కజొన్న విత్తనం చౌకగా ఇచ్చింది. వానలూ కలిసొచ్చి రెండేళ్లలో ఆ దేశం మొక్కజొన్నను ఎగుమతి చేసే స్థితికి చేరింది. కానీ ఆ ఒక్క పథకమే వ్యవసాయ శాఖ బడ్జెట్‌లో సగానికి మించి మింగేసిన సంవత్సరాలు వచ్చాయి. ఎరువు ధర పెరిగినప్పుడల్లా ఖజానా మీద భారం పెరిగింది. పరిశోధనకు, విస్తరణకు, రోడ్లకు మిగిలింది తక్కువ. 2016లో ఎల్‌నినో కరువు వచ్చినప్పుడు సుమారు 65 లక్షల మందికి మళ్లీ ఆహార సాయం కావలసి వచ్చింది. ఎరువు సబ్సిడీ ఆపదలో అక్కరకొస్తుంది గానీ, వాన లేని ఏడాదిలో అది రైతును కాపాడలేదు. దీనికి విరుద్ధమైన తప్పు శ్రీలంక చేసింది. 2021లో ఏ సన్నాహమూ లేకుండా రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, వరి, తేయాకు దిగుబడులు పడిపోయాక నెలల్లోనే వెనక్కి తగ్గింది. సేంద్రియ పద్ధతులకు నేలను సిద్ధం చేయడానికి ఏళ్లు పడతాయన్న సంగతిని ఒక ఉత్తర్వు మార్చలేదు.

సబ్సిడీ కంటే ఎక్కువ కాలం నిలిచేది నమ్మకమైన కొనుగోలు. బ్రెజిల్ 2009లో చేసిన చట్టం ప్రకారం, బడిపిల్లల భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతాన్ని కుటుంబ వ్యవసాయదారుల నుంచి కొనడానికే వెచ్చించాల్సి ఉండేది. పిల్లల కడుపు నిండుతుంది, కూరగాయలు పండించే రైతుకు ఏడాది పొడవునా కొనేవారుంటారు. నగదు బదిలీలు, కనీస వేతనం పెంపు వంటి ఇతర చర్యలతో కలిసి ఇది పనిచేసి, 2014లో ఐక్యరాజ్య సమితి ఆకలి పటం నుంచి ఆ దేశం బయటపడింది. తర్వాతి ఏళ్లలో పథకాలు నీరసించి, కోవిడ్ కూడా తోడై మళ్లీ అందులోకి జారింది. తిరిగి వాటిని బలపరిచాక 2025లో మరోసారి బయటికి వచ్చింది. ఒకసారి గెలిచి వదిలేసే పోరాటం కాదని ఆ దేశపు అనుభవమే చెబుతోంది.

మహిళా రైతుల విషయం ఎప్పుడూ నివేదికల చివరి పేజీలకే పరిమితమవుతుంది, అందుకే ఇక్కడ విడిగా చెబుతున్నాను. పురుషులతో సమానంగా నేల, అప్పు, ఎరువు, సలహా అందితే మహిళల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరుగుతుందని, దానివల్ల ఆకలితో ఉన్నవారి సంఖ్య 10 నుంచి 15 కోట్ల మేర తగ్గవచ్చని ఆహార వ్యవసాయ సంస్థ 2011లో లెక్కగట్టింది. పట్టా భర్త పేరున ఉంటే అప్పు రాదు, విస్తరణ అధికారి వచ్చినా మాట్లాడేది భర్తతోనే. పోషకాహారంలోనూ ఇది తేడా చూపిస్తుంది. విటమిన్ ఏ నిండుగా ఉండే నారింజరంగు చిలగడదుంపను మొజాంబిక్, ఉగాండా వంటి దేశాల్లో వ్యాప్తిలోకి తెచ్చినప్పుడు తీగలు ఎక్కువగా తల్లుల చేతికే ఇచ్చారు, వాటితో పాటు పిల్లల ఆహారం గురించి చెప్పారు. ఆ పనికి ముగ్గురు శాస్త్రవేత్తలు 2016 ప్రపంచ ఆహార బహుమతిలో భాగం పొందారు.

మొబైల్ యాప్‌లు, డ్రోన్‌లు, ఉపగ్రహ చిత్రాల గురించి మీరు ఎక్కువగా వింటుంటారు. నాణ్యమైన వాతావరణ సూచన, మొబైల్ ద్వారా డబ్బు చెల్లింపు నిజంగా ఉపయోగకరమైనవి. మిగిలినవాటిలో చాలావరకు, మంచి విత్తనమే దొరకని ఊరికి మంచి విత్తనం గురించిన సందేశాన్ని పంపుతున్నాయి. జన్యుమార్పిడి పంటల మీద జరుగుతున్న యుద్ధంలోనూ నాకు పెద్దగా ఆసక్తి లేదు; ఏ పద్ధతిలో తయారైందన్నదానికంటే ఆ గుణం ఎవరికి అవసరమైనది, విత్తనం మళ్లీ దాచుకోవచ్చా, ధర ఎంత అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. కల్తీ మాత్రం నిజమైన అడ్డంకి. ఉగాండాలోని దుకాణాల్లో కొన్న సంకర మొక్కజొన్న విత్తనంలో అసలైనది సగం కూడా లేదని, ఎరువులో సుమారు 30 శాతం నత్రజని తక్కువగా ఉందని 2017లో ఒక అధ్యయనం తేల్చింది. టాంజానియాలో జరిగిన మరో పరిశీలనలో యూరియా దాదాపు అంతా బాగానే ఉంది, కానీ రైతులు దాన్ని కల్తీ అనే నమ్ముతున్నారు. నిజమైన కల్తీ ఎంత నష్టం చేస్తుందో, కల్తీ ఉందన్న అనుమానమూ అంతే చేస్తుంది. పరీక్షించి ఫలితాన్ని ఊరిలో ప్రకటించే వ్యవస్థ లేకుంటే రెండూ పోవు.

పరిశోధన నెమ్మదిగా ఫలించే పని. ఒక గుణాన్ని గుర్తించిన నాటి నుంచి అది లక్షల పొలాలకు చేరేసరికి పదిహేను, ఇరవై ఏళ్లు గడుస్తాయి. పైగా ఉన్న దిగుబడిని నిలబెట్టుకోవడానికే పరిశోధన కావాలి. 1990ల చివర ఉగాండాలో బయటపడిన యూజీ99 అనే కాండపు కుంకుమ తెగులు, అప్పటివరకు ఆ తెగులును తట్టుకుంటున్న గోధుమ రకాలను కూడా లొంగదీసింది; తట్టుకునే కొత్త రకాల కోసం ప్రపంచమంతా కలిసి పరుగెత్తాల్సి వచ్చింది. పాత రకాల విత్తన నిధులు కాపాడుకోవడం అందుకే. సిరియాలోని అలెప్పో దగ్గర ఉన్న అంతర్జాతీయ విత్తన నిధి యుద్ధం వల్ల అందుబాటులో లేకుండా పోయినప్పుడు, నార్వేలోని స్వాల్‌బార్డ్ నిల్వలో దాచిన ప్రతులను 2015లో వెనక్కి తీసుకుని, లెబనాన్, మొరాకోలలో మళ్లీ పెంచారు.

యుద్ధం ప్రస్తావన వచ్చింది కాబట్టి, మీ మొదటి ప్రశ్నకు ఉన్న హద్దును కూడా స్పష్టంగా చెప్పాలి. 2024లో 53 దేశాల్లో 29.5 కోట్ల మంది తీవ్రమైన ఆహార సంక్షోభంలో ఉన్నారు, దానికి అన్నిటికంటే పెద్ద కారణం సాయుధ ఘర్షణలు. అదే ఏడాది సూడాన్‌లోని జంజం నిర్వాసితుల శిబిరంలో కరువు ఉందని అధికారికంగా నిర్ధారించారు. విత్తనం ఎంత మంచిదైనా పొలానికి వెళ్లే దారిలో తుపాకులుంటే ప్రయోజనం లేదు. అటువంటి చోట్ల కావలసింది కాల్పుల విరమణ, ఆహార వాహనాలకు దారి, చేతికి నగదు. వ్యవసాయం ఆ తర్వాతి మాట. మిగిలిన చోట్ల, అంటే శాంతి ఉండి కూడా జనం అర్ధాకలితో ఉన్నచోట్ల, పరిమితమైన డబ్బు ఖర్చుపెట్టే అధికారం నాకుంటే ముందుగా ప్రభుత్వ పరిశోధనకు, ముఖ్యంగా వర్షాధార ప్రాంతాల జొన్న, సజ్జ, కర్రపెండలం, అలసంద వంటి పంటలకు పెడతాను. తర్వాత కోత నాటి అప్పుకు, ఇంటి నిల్వకు, మహిళల పేరున పట్టాలకు. ఆ తర్వాత, పొలానికి నడిచి వెళ్లి రైతు చెప్పేది విని పరిశోధన కేంద్రానికి తిరిగి చేరవేసే విస్తరణ కార్యకర్తల జీతాలకు. బడ్జెట్ కోత పడినప్పుడల్లా మొదట ఖాళీ అవుతున్నవి ఆ ఉద్యోగాలే.